మార్నింగ్ గ్లోరీకి ఎరువు ఎక్కువ పెట్టకు

అమ్మలూ,

పాకెట్‌లో ఉన్న మార్నింగ్ గ్లోరీ పూలతీగ గింజలన్నీ వేస్తే నాలుగే మొలిచాయని బాధపడుతూ రాశావు. గింజలు పాతవేమో, మట్టి మంచిది కాదేమో అని అప్పుడే టెన్షన్ పడకు. ముందు ఆ మొలవని గింజల్ని మెల్లగా తవ్వి తీసి చూడు. వేళ్లతో నొక్కితే మెత్తగా చితికిపోయినవి కుళ్లినట్టే, పారెయ్. నల్లగా, రాయిలా గట్టిగా ఉన్నవి ఇంకా బతికే ఉండొచ్చు, వాటిలోకి నీళ్లు పోలేదు అంతే.

ఈ గింజ పైపొట్టు అంత గట్టిది మరి. అన్నీ ఒకేసారి మొలిచి ఒకే ఎండకు మాడిపోకుండా, ఈ ఏడు కొన్ని, వచ్చే ఏడు కొన్ని మొలిచేలా ఆ పొట్టు కాపాడుతుంది. తీగకు అది మంచిదే, కానీ మనకు ఈ సీజన్‌లోనే పూలు కావాలి కాబట్టి నీళ్లు పోయే దారి మనమే చెయ్యాలి. గింజను చేతిలోకి తీసుకుని చూస్తే రెండు వైపులు చదునుగా, వీపు గుండ్రంగా ఉంటుంది, సన్నటి కొస దగ్గర చిన్న మచ్చ ఉంటుంది. వేరు వచ్చేది ఆ మచ్చ వైపు నుంచే, అక్కడ చెయ్యి పెట్టకు. గుండ్రటి వీపు మీద నెయిల్ కట్టర్‌తో చిన్న గాటు పెట్టు, లేదా గరుకు కాగితం మీద రుద్దు. నలుపు పోయి లోపలి లేత రంగు కాస్త కనబడితే చాలు, ఆపెయ్. తర్వాత గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టు. పొద్దున్నకి బాగా ఉబ్బినవాటిని వెంటనే నాటెయ్, ఉబ్బనివాటికి ఇంకో గాటు పెట్టి మళ్లీ నానబెట్టు. అయితే 24 గంటలు దాటి నీళ్లలో ఉంచకు, గాలి అందక కుళ్లిపోతాయి.

సెంటీమీటరు లోతు చాలు. మట్టి వెచ్చగా ఉండాలి, 20 నుంచి 30 డిగ్రీల మధ్య అయితే వారం, పది రోజుల్లో మొలక కనబడుతుంది. చలిలో తొందరపడి వేస్తే గింజ తడి మట్టిలో ఊరికే పడి ఉండి చెడిపోతుంది, అందుకే కాస్త ఆగి వేసినా నష్టం లేదు. మొదట వచ్చే రెండు ఆకులు మధ్యలో చీలి సీతాకోకచిలుక రెక్కల్లా ఉంటాయి, వాటిని చూసి కలుపు మొక్కనుకుని పీకెయ్యకు.

ఇంకోటి, ఈ మొక్కకి తల్లివేరు లోతుకి పోతుంది, దాన్ని కదిలిస్తే ఒప్పుకోదు. పెరగాల్సిన చోటే గింజ వెయ్యి. తప్పనిసరిగా వేరేచోట మొలిపించాల్సి వస్తే కాగితం కప్పులో వేసి, వేరు కదలకుండా అడుగు చింపి కప్పుతో సహా పాతెయ్. కుండీ అయితే 12 అంగుళాల వెడల్పు, అంతే లోతు, అడుగున నీళ్లు పోయే రంధ్రాలు, అందులో మూడు మొక్కలకు మించి వద్దు. ఎక్కువ మొలిస్తే అదనపువాటిని కత్తెరతో మొదలు దగ్గర కత్తిరించు. లాగితే పక్కదాని వేరు కూడా కదులుతుంది.

నాలుగైదు ఆకులు రాగానే తీగ కొస గాల్లో గుండ్రంగా తిరుగుతూ ఆసరా వెతుక్కుంటుంది. దీనికి నులితీగలు ఉండవు, గోడను పట్టుకునే వేళ్లూ ఉండవు, కాండమే చుట్టుకుంటూ ఎక్కుతుంది. అందుకే నున్నటి గోడ పక్కన పెట్టి ఎక్కమంటే ఎక్కలేదు, లావుపాటి స్తంభం కూడా కష్టమే. పురికొసలు, సన్నటి తీగలు, పెన్సిల్ లావు పుల్లలు కావాలి. మొక్క చిన్నగా ఉన్నప్పుడే కట్టిపెట్టు, తర్వాత పెనవేసుకున్న తీగల్ని విడదీయడం నీవల్ల కాదు. నువ్వు చేత్తో చుట్టాల్సి వస్తే పైనుంచి చూసినప్పుడు గడియారం ముల్లు తిరిగే దిశకు వ్యతిరేకంగా చుట్టు. దాని తీరు అదే, అటు కాకుండా ఇటు చుడితే తనంతట తనే విప్పుకుంటుంది. గుబురుగా రావాలంటే ఆరంగుళాల ఎత్తులో ఒకసారి కొస తుంచెయ్, పక్క కొమ్మలు వస్తాయి.

ఇక అసలు సంగతి. నువ్వు ప్రేమకొద్దీ ఎరువు వేస్తావని నాకు తెలుసు, అందుకే గట్టిగా చెబుతున్నాను, వెయ్యకు. నాటేటప్పుడు మట్టిలో ఒకటి రెండు గుప్పెళ్ల కంపోస్టు కలిపావా, చాలు. యూరియా లాంటి నత్రజని ఎరువులు పడితే అరచేతంత ఆకులతో పందిరంతా పచ్చగా కమ్ముకుంటుంది, మొగ్గ మాత్రం ఒక్కటి రాదు. చూసినవాళ్లు ఎంత బాగా పెరిగిందో అంటారు, నీకు మాత్రం పూలుండవు. అలా అయితే ఇంకేదో మందు వెయ్యాలని వెతక్కు, ఎరువు పూర్తిగా ఆపేసి ఎండ తగలనివ్వు. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ కావాలి. నీళ్లు కూడా పైమట్టి అంగుళం లోతు ఆరాకే పొయ్యి. మధ్యాహ్నం ఆకులు వాలాయని పరుగెత్తకు, సాయంత్రానికి వాటంతటవే లేస్తే దాహం కాదన్నమాట.

పూలు రాకపోవడానికి చాలామందికి తట్టని కారణం ఇంకోటి ఉంది, రాత్రి వెలుతురు. వీటిలో ఐపోమియా నిల్ అనే జాతి ఉంది, రాత్రి నిడివికీ పూతకీ ఉన్న సంబంధం మీద శాస్త్రవేత్తలు దాన్ని ఎంతగానో పరిశోధించారు. ఒక్క పొడవాటి రాత్రి దొరికితే చాలు, చిన్న మొలక కూడా మొగ్గకు సిద్ధపడుతుంది. ఆ చీకటి మధ్యలో కాసేపు దీపం వేస్తే ఆ మొగ్గ రావడం ఆగిపోతుంది. కాబట్టి వీధిదీపం కిందో, రాత్రంతా వెలిగే వరండా లైటు పక్కనో పెట్టకు. పగలు పొడుగ్గా ఉండే రోజుల్లో పూయకపోయినా నిరాశపడకు, రాత్రులు పెరిగేకొద్దీ పూత అందుకుంటుంది.

ఆకుల రసం పీల్చే పేనుబంక గానీ ఎర్రనల్లి గానీ పడితే ఆకుల అడుగున నీళ్లు గట్టిగా చిమ్ము, తగ్గకపోతే సాయంత్రం పూట వేపనూనె పిచికారీ చెయ్యి.

పూలు చూడాలంటే మాత్రం పొద్దున్నే లేవాల్సిందే, ఎండెక్కేసరికి ముడుచుకుపోతాయి, మబ్బు పట్టిన రోజు కాస్త ఎక్కువసేపు ఉంటాయి. నీ దగ్గరున్నది హెవెన్లీ బ్లూ రకం అన్నావు కదా, దాని మొగ్గ ఎర్రగా ఊదా రంగులో ఉండి విచ్చుకునేసరికి ఆకాశనీలం అవుతుంది. రేకుల కణాల్లో పీహెచ్ (పులుపు, క్షారాల కొలత) 6.6 నుంచి 7.7 దాకా పెరగడం వల్ల అదే రంగుపదార్థం నీలంగా మారుతుంది. ఒక మొగ్గను సాయంత్రం గుర్తుపెట్టుకుని తెల్లవారి చూడు, చాలా బాగుంటుంది.

చివరగా గింజల విషయం, ఇది జాగ్రత్తగా చదువు. వీటిని తింటే విషం. వాంతులు, భ్రమలు కలిగించే పదార్థాలు ఉంటాయి, పైగా కొన్న గింజలకు శిలీంధ్రనాశిని, అంటే బూజు పట్టకుండా వేసే మందు, పూసి ఉండొచ్చు. నానబెట్టిన గిన్నె కూడా పిల్లలకీ, కుక్కపిల్లకీ అందేలా పెట్టకు. కాయలు గోధుమరంగులోకి మారి కాగితంలా ఎండాక కోసి, గింజలు ఆరబెట్టి, పేరూ ఏడాదీ రాసిన కాగితం కవర్లో పెట్టి పైఅరలో దాచు. నీకు అక్కర్లేని కాయల్ని పచ్చిగా ఉండగానే తుంచెయ్, లేకపోతే రాలిన గింజలు ఏళ్ల తరబడి మొలుస్తూనే ఉంటాయి. ఎవరైనా గింజలు కాకుండా తీగ ముక్క ఇచ్చి నాటుకోమంటే ముందు ఏ జాతో కనుక్కో. ఐపోమియా ఇండికా అయితే నేలలో నాటొద్దు, కాండం ఎక్కడ నేల తాకితే అక్కడ వేరు పెట్టుకుంటూ పోతుంది, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో దాన్ని వదిలించుకోలేక అవస్థ పడుతున్నారు.

ఉంటాను,
పెద్దమ్మ