చెల్లెలు తిరుపతిలో బీఏ హిస్టరీ చదువుతానంటోంది, తర్వాత దారి ఉంటుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ: ఇంటర్‌లో హెచ్ఈసీ చదివిన మీ చెల్లెలు తిరుపతిలో బీఏ చేస్తానని పట్టుబట్టింది. నాన్నగారేమో "బీఏ చదివి ఏం జేస్తాది, బీకాం కంప్యూటర్స్‌లో చేరమను" అంటున్నారు. మధ్యలో మీకు టెన్షన్. అక్కడ తనకి దారి చెప్పి సాయం చేసేవాళ్లు ఉంటారా అని కూడా అడిగారు.

మాది పుంగనూరు వైపు పల్లె. తిరుపతిలో బీఏ, బీఈడీ, తర్వాత ఎస్వీ యూనివర్సిటీలో ఎంఏ హిస్టరీ చేశాను. ఇప్పుడు గవర్నమెంట్ హైస్కూల్లో సోషల్ చెప్తున్నాను. ఈ ఉద్యోగం రాకముందు ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేశాను. మీ చెల్లెలికి పనికొచ్చే సంగతులు ఎక్కువగా ఆ కాలంలోవే.

నాన్నగారి భయాన్ని కొట్టిపారేయకండి. బీఏ వాళ్లకి క్యాంపస్ ప్లేస్‌మెంట్లు ఉండవనే అనుకోండి. మా రోజుల్లో ఏదైనా కంపెనీ వస్తే నోటీసు బోర్డు మీద ఎంబీఏ, ఎంసీఏ అని ఉండేది, మేము చదువుకుని క్యాంటీన్‌కి పోయేవాళ్లం. అలాగని ఇష్టం లేని పిల్లని బీకాం కంప్యూటర్స్‌లో కూర్చోబెడితే ఉద్యోగం నడిచొస్తుందా అంటే, అదీ లేదు. ఆ సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని ఖాళీగా ఉన్నవాళ్లు మీ వీధిలోనే కనబడతారు.

పోటీ పరీక్షల విషయంలో బీఏ ఎవరికీ తీసిపోదు. గ్రూప్-2, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల ఎస్ఎస్‌సీ సీజీఎల్, బ్యాంక్ పీఓ, సివిల్స్, అన్నింటికీ ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు. పైగా హిస్టరీ, పాలిటీ ముందే చదివుంటాం. నన్నడిగితే అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. గవర్నమెంట్ టీచర్ పోస్టుల పరీక్ష డీఎస్సీనే చూడండి. 2018లో నోటిఫికేషన్ పడింది. దాని తర్వాత 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులతో ఒకటి వచ్చి రద్దయింది. చివరికి 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. అంటే ఏడేళ్లు! ఆ ఏడేళ్లూ కోచింగ్ సెంటర్, రూము, మెస్సు అంటూ తిరుపతిలోనే ఉండిపోయిన నా క్లాస్‌మేట్లున్నారు. తెలివిలో నాకన్నా ఎక్కువే. కానీ ఇంటి దగ్గర్నుంచి డబ్బులు తెప్పించుకునే వయసు దాటిపోయాక చదువు మీద మనసు నిలవదు. నేను ఈ కాలమంతా జీతం తీసుకుంటూ, రాత్రిళ్లు చదువుకున్నాను. టీచర్ అర్హత పరీక్ష టెట్ మార్కులకి డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి ఆ పరీక్ష పెట్టినప్పుడల్లా రాసి స్కోరు పెంచుకున్నాను.

జీతం ఎక్కడిదంటారా? మొదట ఒక ప్రైవేటు స్కూలు. దాని గురించి చెప్పుకోవడానికేం లేదు, ఆటో ఛార్జీలకి సరిపోయేది. తర్వాతది స్వచ్ఛంద సంస్థ, పల్లెల్లో చెరువుల మరమ్మతు, వాన నీటిని నిలిపే వాటర్‌షెడ్ పనులు చేసేది. అందులో నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది ఎంఏలో చేసిన ప్రాజెక్టు.

నేను తీసుకున్న అంశం చెరువులు. తిరుమల శాసనాల్లో ఒక పద్ధతి కనబడుతుంది: దాతలిచ్చిన సొమ్ముతో దేవస్థానానికి చెందిన ఊళ్లలో చెరువులు, కాలువలు తవ్వించేవారు, దానివల్ల పెరిగిన పంటతో స్వామికి నైవేద్యాలు జరిపేవారు. ఈ శాసనాలు ఎక్కువ భాగం తమిళంలో ఉన్నాయి. దేవస్థానం అచ్చువేసిన సంపుటాల్లో ఇంగ్లీషు అనువాదం కూడా ఉంటుంది. తెలుగు మీడియం దాన్ని, డిక్షనరీ పక్కన పెట్టుకుని లైబ్రరీలో కూర్చుని చదివాను. అక్కడితో ఆగకుండా మా వైపు ఒక చెరువు తీసుకుని, పొలాలకి నీళ్లు వదిలే నీరుగంటి కుటుంబంతో మాట్లాడాను. తూము ఎప్పుడు ఎత్తేవాళ్లు, ముందు ఎవరి మడికి నీళ్లు వదిలేవాళ్లు, దానికి ఊరు వాళ్లకి ఎంత ధాన్యం కొలిచేది, బోర్లు వచ్చాక ఇదంతా ఎలా పడిపోయింది అని అడిగి రాసుకున్నాను. చెరువు పటం పెన్సిల్‌తో గీసి, ఏ కాలువ ఎవరి పొలం దాకా పోతుందో గుర్తులు పెట్టాను.

ఇంటర్వ్యూలో సంస్థ మేడమ్ నా మార్కుల లిస్టు పక్కన పెట్టి, ఆ పటం ఉన్న పేజీ దగ్గర ఆగారు. "ఈ చివరి పొలాలకి నీళ్లు ఎందుకు అందట్లేదు, వాళ్లేమన్నారు?" అని అడిగారు. అక్కణ్నుంచి అది ఇంటర్వ్యూలా లేదు, ఇద్దరం చెరువు గురించే మాట్లాడుకున్నాం.

అందుకే మీ చెల్లెలికి గట్టిగా చెప్పండి: డిగ్రీ అయ్యేలోపు తను స్వయంగా తిరిగి, అడిగి, రాసిన పని ఒకటైనా చేతిలో ఉండాలి. ఇప్పటి సిలబస్‌లో మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ ఉంది, ఆ పైన ఇంటర్న్‌షిప్ కూడా ఉంది. చాలామంది సీనియర్ రిపోర్టు తెచ్చి, ఊరి పేరు మార్చి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చేస్తారు. లెక్చరర్లకీ తెలుసు, సంతకం పెట్టేస్తారు. మా మీద ఇలాంటి ప్రాజెక్టు రుద్దినవాళ్లు లేరు, రాసే అవకాశం కోసం ఎంఏ దాకా ఆగాల్సొచ్చింది. మీ చెల్లెలికి మొదటి ఏడాదికే దొరుకుతుంది.

దాంతో పాటు ఎక్సెల్ బాగా రావాలి. మ్యాపుల మీద ఇష్టముంటే క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఉపగ్రహ చిత్రాలతో పని నేర్పే ఇస్రో వాళ్ల ఐఐఆర్ఎస్ ఆన్‌లైన్ కోర్సులకీ ఫీజు లేదు, సర్టిఫికెట్ ఇస్తారు. హిస్టరీ పిల్లకి మ్యాపు గీయడం వస్తే సర్వేలు చేసే సంస్థల వాళ్లు వదలరు. ఇంగ్లీషు సంగతి: 2021 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే. మొదటి సెమిస్టర్ ఏడుపొస్తుంది. గైడ్లు బట్టీ పట్టకుండా రోజూ ఒక ఎడిటోరియల్ చదివి, దాని సంగతి నాలుగు వాక్యాల్లో రాయమనండి.

మిగతా దారులు త్వరగా చెప్పేస్తా. లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయొచ్చు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఇప్పుడు చిత్తూరు కోర్టులో ప్రాక్టీస్ చేస్తోంది, మొదటి కొన్నేళ్లు ఇంటి ఆసరా లేకపోతే కష్టమని తనే అంటుంది. పీజీకి సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల సీటు రావచ్చు. బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ ఉంది, ఇంటి ఆదాయాన్ని బట్టి స్కాలర్‌షిప్ ఇస్తారు, చదువు, అభివృద్ధి రంగాల్లోకి పోవాలనుకుంటే మంచి చోటు. పీజీ తర్వాత యూజీసీ నెట్‌లో పరిశోధనకిచ్చే ఫెలోషిప్ జేఆర్ఎఫ్ కొడితే మొదటి రెండేళ్లు నెలకి 37,000 వస్తుంది, పీహెచ్‌డీ ఇంటికి బరువు కాదు. మన దగ్గరే ఎస్వీయూలో పురావస్తు శాస్త్రం విభాగం ఉంది, అమ్మాయిలకి పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది.

సాయం గురించి కూడా అడిగారు కదా. ఎవరూ వచ్చి చెప్పరు, మనమే పోయి అడగాలి. డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్న అక్కలు, అన్నలు ఉంటారు. స్కాలర్‌షిప్‌కి ఏ కాగితాలు పెట్టాలి, ఏ పరీక్షకి ఏ పుస్తకం, ఎవరి కింద ప్రాజెక్టు చేస్తే నేర్పిస్తారు అనేవి నాకు చెప్పింది వాళ్లే. మధ్యాహ్నం టీ టైములో పోతే తీరిగ్గా మాట్లాడతారు.

నాన్నగారికి ఖర్చు గురించి బెంగ ఉంటే, తిరుపతిలో దేవస్థానం నడిపే డిగ్రీ కాలేజీలు చూపించండి, ప్రైవేటు కాలేజీలతో పోలిస్తే ఫీజు చాలా తక్కువ. హాస్టల్ గురించి మాత్రం ఆన్‌లైన్‌లో ఆప్షన్లు పెట్టకముందే నేరుగా కాలేజీకి పోయి కనుక్కోండి. సీటొచ్చి హాస్టల్ దొరక్కపోతే బయట రూముకయ్యే ఖర్చుతో ఫీజులో మిగిలింది కాస్తా పోతుంది. పోయేటప్పుడు చెల్లెల్ని కూడా తీసుకెళ్లండి, హిస్టరీ డిపార్ట్‌మెంట్ ఎక్కడుందో తనే అడిగి కనుక్కుంటుంది.