నంబరు మూశారు, డబ్బు ఆపారు, ఫోన్ తెమ్మంటున్నారు: ఎవర్ని అడగాలి?

సందేహం: లాయరు గారికి నమస్కారం. పలాసలో మాది చిన్న జీడిపప్పు వ్యాపారం. ఆర్డర్లు తీసుకోవడం, డబ్బు రప్పించుకోవడం, ఇంటి కరెంటు బిల్లు కట్టడం అన్నీ ఒకే మెసేజింగ్ యాప్‌లో. గత నెల మా వార్డు గ్రూపులో మంచినీళ్ల పైపు పక్కనే మురుగు పారుతున్న ఫొటో పెట్టి నాలుగు మాటలు రాశాను. మూడు రోజులకు యాప్ నా నంబరును నిషేధించింది. అదే వారం బ్యాంకు నా ఖాతాలో రూ.18,400 ఆపేసింది. వేరే రాష్ట్రం సైబర్ పోలీసులు చెప్పారట. నిన్న మా స్టేషన్ నుంచి ఎవరో పిలిచి "నీ ఫోన్ పట్టుకుని రా" అన్నారు. ప్రభుత్వం మా మెసేజ్‌లు చదువుతోందా? చైనా వీచాట్‌లా ఇక్కడా మొదలైందా? నేనిప్పుడేం చెయ్యాలి?
– పేరు వద్దు, పలాస, శ్రీకాకుళం జిల్లా

సలహా: మూడూ ఒకే వారంలో మీద పడ్డాయి కాబట్టి ఒకే చేతి పని అనిపించడం సహజం. మీరు పంపిన కాగితాలు మాత్రం అలా చెప్పడం లేదు. నంబరు మూసింది కంపెనీ. డబ్బు పట్టి ఉంచింది బ్యాంకు, ఎక్కడో నమోదైన ఫిర్యాదు మీద. ఫోన్ అడుగుతున్నది మీ ఊరి స్టేషన్. యాప్ ఒకటే కావచ్చు, చట్టం లెక్కలో ఇవి మూడు వేర్వేరు తగాదాలు. మూడూ కలిపి ఒకే అర్జీ రాశారంటే ముగ్గురూ "ఇది మా పరిధి కాదు" అని తిప్పి పంపుతారు. తొందరపడాల్సింది ఫోన్ విషయంలో కాబట్టి ముందు అది చూద్దాం.

నోటిమాట పిలుపుకు ఫోన్ అప్పగించకండి. మర్యాదగానే "నోటీసు ఇప్పించండి సార్, వస్తాను" అనండి. మిమ్మల్ని నిందితుడిగా పిలిస్తే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 35(3) కింద, సాక్షిగా పిలిస్తే 179 కింద, ఫోన్ దాఖలు చేయమంటే 94 కింద రాతపూర్వకంగా ఇవ్వాలి. ఏ సెక్షనో చూస్తే మీరు ఎవరి హోదాలో వెళ్తున్నారో తెలుస్తుంది. సెక్షన్ 35 నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. అలాగని నోటీసు చేతికందాక వెళ్లకపోతే అరెస్టుకు మీరే దారి ఇచ్చినట్టు.

ఫోన్ తీసుకుంటే మహజరు (ఏం తీసుకున్నారో సాక్షుల ముందు రాసే కాగితం) రాయాలి. స్వాధీనం చేసుకునే తంతును వీడియో తీయాలని సెక్షన్ 105 చెబుతోంది. మహజరులో మీ ఫోన్‌ను గుర్తుపట్టే ఐఎంఈఐ నంబర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కితే తెర మీదకు వస్తాయి, రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండుంటాయి. ఫోన్ ఆపేసి ఇచ్చారా, తెరిచి ఇచ్చారా అన్నదీ రాయించండి. తర్వాత "ఇందులో ఈ మెసేజ్ దొరికింది" అన్నప్పుడు ఆ ఒక్క ముక్కే అక్కరకొస్తుంది. సిమ్ మీ దగ్గరే ఉంచుకోనివ్వమని, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయని రాసివ్వండి. కుదరదంటే డూప్లికేట్ సిమ్ తీసుకోవాల్సిందే. దానికి మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, కాబట్టి ఆ రోజు చెల్లింపులేవీ పెట్టుకోకండి.

లాక్ నంబరు చెప్పమంటే? తనకు తాను వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని నిందితుణ్ని బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20(3) అధికరణం. పాస్‌వర్డు చెప్పడం దాని కిందికి వస్తుందా రాదా అన్న దానిపై హైకోర్టులు ఒక్క మాట మీద లేవు. వకీలుతో మాట్లాడి చెబుతానని అక్కడితో ఆపండి. ఒక్క పని మాత్రం చేయొద్దు: భయపడి చాట్‌లు తుడిచేయడం, ఫోన్ రీసెట్ కొట్టడం. కోర్టు ముందుకు రావాల్సిన ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 241 కింద నేరం. లేని కేసును మీ చేత్తో మీరే పుట్టించుకున్నట్టవుతుంది.

ఇక ఆ పోస్టు సంగతి. మురుగు నీటి ఫొటో పెట్టి మునిసిపాలిటీని నాలుగు మాటలన్నంత మాత్రాన నేరం కాదు. "చికాకు కలిగించే" సందేశాలకు జైలు అనే ఐటీ చట్టం 66ఎను సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న కొట్టేసింది. నోటీసులో ఆ సెక్షన్ కనిపిస్తే అది చచ్చిన సెక్షన్ అని గుర్తుపెట్టుకోండి. మీరు గ్రూపు అడ్మిన్ కూడా అయితే, ఇంకొకరు పెట్టినదానికి అడ్మిన్ అయినందుకే బాధ్యత అంటగట్టలేరని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది.

డబ్బుకు వద్దాం. పోయే చిక్కే గానీ కాగితం పని ఎక్కువ. ఎవరో మోసపోయి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తారు. వాళ్ల డబ్బు ఏ ఖాతాల్లోంచి ఏ ఖాతాల్లోకి పారిందో గొలుసుకట్టుగా పట్టుకుంటూ బ్యాంకులు ఆపుతూ పోతాయి. ఆ గొలుసులో ఒకడు మీ దగ్గర పప్పు కొన్నాడు. మీరు నేరస్థులని ఎవరూ అనడం లేదు, మీకొచ్చిన నోటు దొంగనోటేమోనని పట్టి ఉంచారంతే. బ్రాంచి మేనేజరుకు ఇలా రాసి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి:

"నా ఖాతాలో రూ.18,400 నిలిపివేయడానికి కారణమైన ఫిర్యాదు నంబరు, పోలీసు స్టేషన్, జిల్లా, రాష్ట్రం, దర్యాప్తు అధికారి ఈమెయిలు, ఆ లావాదేవీని గుర్తించే 12 అంకెల యూటీఆర్ నంబరు రాతపూర్వకంగా తెలియజేయగలరు. వివాదం ఉన్న ఆ మొత్తం మినహా మిగతా ఖాతా నడవనివ్వగలరు."

రెండో వాక్యం ముఖ్యం. కొన్ని బ్రాంచీలు చెప్పిన మొత్తంతో ఆగక ఖాతా మొత్తం స్తంభింపజేస్తాయి. పోలీసులు చెప్పిన మొత్తానికే పరిమితం కావాలని కేరళ హైకోర్టు 2023లో ఆదేశించింది. అది మన రాష్ట్రానికి కట్టుబాటు కాకపోయినా మేనేజరు ముందు పెట్టడానికి పనికొస్తుంది.

అధికారి ఈమెయిలు దొరికాక మీ సరుకు చరిత్ర అంతా పంపండి: ఆర్డరు వచ్చిన చాట్, బిల్లు, 20 కేజీల పప్పు పంపిన ట్రాన్స్‌పోర్టు రసీదు, స్టేట్‌మెంట్‌లో ఆ జమ ఉన్న పేజీ, చిన్న వ్యాపారాల నమోదు పత్రం ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంటే అది. ఎక్కువమంది దెబ్బతినేది రసీదు దగ్గరే. పప్పు డబ్బా బస్సెక్కించి, చిట్టీ ఫొటో చాట్‌లో పెట్టి, కాగితం పారేస్తారు. నంబరు నిషేధించాక ఆ చాట్ ఎక్కడుంటుంది? వెంటనే ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు వెళ్లి బుకింగ్ పుస్తకంలోంచి నకలు తీసుకోండి. ఈలోగా ఎవరైనా ఫోన్ చేసి "ఆ డబ్బు నాకు పంపేయ్, కేసు వెనక్కి తీసుకుంటా" అంటే పైసా పంపొద్దు. పంపితే ఆ డబ్బూ పోతుంది, ఆపిన డబ్బూ అలాగే ఉంటుంది.

అధికారి కదలకపోతే కోర్టు దారి ఉంది. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 106 కింద ఖాతా ఆపించిన పోలీసులు ఆ సంగతి మెజిస్ట్రేటుకు వెంటనే తెలియజేయాలి. ఆ కోర్టులోనే సెక్షన్ 503 కింద విడుదల కోరుతూ పిటిషన్ వేయొచ్చు. అది ఆ రాష్ట్రంలో వేయాలి. రూ.18,400 కోసం అంత దూరం వెళ్లడం గిట్టుబాటు కాదని మీకూ తెలుసు, అందుకే ముందు ఈమెయిలుతో తేల్చుకోమనడం. బ్యాంకు మీ ఉత్తరానికి 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు, 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. అయితే పోలీసు ఆదేశాన్ని అంబుడ్స్‌మన్ ఎత్తేయలేరు. బ్యాంకు సమాచారం దాచడం, ఖాతా మొత్తం ఆపడం వంటివే అక్కడ అడగాలి.

నంబరు నిషేధం వెనక ప్రభుత్వ ఆదేశం ఉండాల్సిన పని లేదు. మీ నంబరును సేవ్ చేసుకోని వందమందికి "కొత్త పప్పు వచ్చింది, కేజీ ధర ఇదీ" అని ఒకేసారి పంపడం, అడక్కుండా గ్రూపుల్లో చేర్చడం, అసలు యాప్ కాకుండా పక్కదారి యాప్ వాడటం, కొందరు రిపోర్టు కొట్టడం, ఇవి చాలు యంత్రం తలుపు మూసేయడానికి. వార్డు గ్రూపులో ఒళ్లు మండినవాడెవడో రిపోర్టు కొట్టి ఉండొచ్చు కూడా. వాట్సాప్‌లో అలా రిపోర్టు కొడితే ఆ సంభాషణలోని చివరి అయిదు సందేశాల దాకా కంపెనీకి చేరతాయి. ఎన్‌క్రిప్షన్ (పంపినవారు, అందుకున్నవారు తప్ప ఇంకెవరూ చదవలేని తాళం) ఉందిగా అనుకునేవారు ఇది గమనించరు.

ముందు యాప్‌లోనే పునఃపరిశీలన కోరండి. రాకపోతే ఆ కంపెనీ భారత ఫిర్యాదుల అధికారికి ఈమెయిలు చేయండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదు ముట్టిందని 24 గంటల్లో చెప్పాలి. పోస్టు మీద కంపెనీ తనంతట తాను చర్య తీసుకుని ఉంటే కారణం చెప్పి మీ మాట వినాల్సిందని 4(8) నిబంధన గుర్తుచేస్తూ రాయండి. 50 లక్షలకు పైబడి వాడుకదారులున్న కంపెనీలన్నిటికీ ఇది వర్తిస్తుంది. జవాబు నచ్చకపోతే అది అందిన 30 రోజుల్లోగా కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీలు చేయొచ్చు, రుసుము లేదు. నేరుగా పెద్ద కోర్టులో రిట్ పిటిషన్ వేస్తానంటే వద్దంటాను. 2025 అక్టోబరులో వాట్సాప్ ఖాతా పోయిన వ్యాజ్యం ఒకటి సుప్రీంకోర్టు ముందుకొస్తే, వేరే యాప్‌లున్నాయి కదా అని ధర్మాసనం అంది. పిటిషన్ ఉపసంహరించుకోవాల్సి వచ్చింది.

నిషేధంతో మీ డబ్బు పోలేదు. యూపీఐలో సొమ్ము బ్యాంకులోనే ఉంటుంది, యాప్‌లో కాదు. అదే సిమ్‌తో మరో యూపీఐ యాప్‌లో ఖాతా కలుపుకోండి, దుకాణంలో అతికించిన పాత క్యూఆర్ ఆ యాప్ ఇచ్చిన ఐడీది అయితే తీసేయండి. ప్రభుత్వ సేవలూ అంతే. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన "మన మిత్ర" వాట్సాప్‌లో 9552300009 నంబరు మీద నడుస్తుంది, కానీ సర్టిఫికెట్ మీ హక్కు, వాట్సాప్ దానికి ఒక కిటికీ మాత్రమే. సచివాలయంలో కాగితం మీద దరఖాస్తు పెడితే కాదనకూడదు.

ఇక అసలు ప్రశ్న, చదువుతున్నారా అన్నది. వీచాట్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు. 2022 అక్టోబరులో బీజింగ్ సిటోంగ్ వంతెన మీద నిరసన బ్యానర్ల ఫొటోలు పంచుకున్నవారి ఖాతాలు పెద్ద ఎత్తున మూతపడ్డాయి, ఖాతాతో పాటు వాళ్ల చెల్లింపులూ చిక్కుల్లో పడ్డాయి. ఆ యాప్‌ను మన ప్రభుత్వం 2020 జూన్ 29న మరో 58 యాప్‌లతో కలిపి ఐటీ చట్టం 69ఎ కింద నిరోధించింది.

మన దగ్గర పద్ధతి వేరు. వాట్సాప్ సందేశం ఎన్‌క్రిప్షన్ తాళం కింద ఉంటుంది కాబట్టి దారిలో కనబడదు. చెల్లింపు వివరాలు మాత్రం బ్యాంకు చూడక తప్పదు కాబట్టి అవి ఆ తాళం కింద ఉండవు. ఎవరితో, ఎప్పుడు, ఏ గ్రూపులో అన్న వివరాలు కంపెనీ దగ్గర ఉంటాయి. గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్‌కు విడిగా ఎన్‌క్రిప్షన్ పెట్టుకోకపోతే సందేశాలూ అక్కడ తెరిచే ఉంటాయి. సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్‌లోకి వెళ్లి ఈ పూటే పెట్టుకోండి. ఆ పాస్‌వర్డు మర్చిపోతే కంపెనీ కూడా తెరవలేదు. ఇన్ని చెప్పినా, పోలీసుల చేతికి చేరే స్క్రీన్‌షాట్లు దాదాపు ఎప్పుడూ గ్రూపులోని మనిషి ఫోన్‌లోంచే వెళ్తాయి.

చట్టప్రకారం నిఘా పెట్టాలంటే ఐటీ చట్టం సెక్షన్ 69 కింద కేంద్ర లేదా రాష్ట్ర హోం కార్యదర్శి ఉత్తర్వు కావాలి. 60 రోజులు చెల్లుతుంది, పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు. అత్యవసరమైతే ఐజీ స్థాయి అధికారి ఇచ్చినా ఏడు పనిదినాల్లో ఆమోదం పొందాలి. మీ స్టేషన్ ఎస్సైకి ఆ అధికారం లేదు. నాకు నచ్చనిది ఏమిటంటే, ఈ తతంగంలో ఎక్కడా జడ్జి లేరు. మీ మీద నిఘా పెట్టినట్టు మీకెవరూ చెప్పరు. 2017లో గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిదిమంది న్యాయమూర్తులు చెప్పినా, 2023 డేటా రక్షణ చట్టం 17(2) ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే వీలు ఉంచింది. ఆ చట్టంలో మీకు పనికొచ్చే హక్కులు కూడా, 2025 నవంబరులో నిబంధనలు వచ్చిన 18 నెలలకు గానీ అమల్లోకి రావు.

ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాది దొరుకుతారు, మిగతావారికి ఆదాయ పరిమితి ఉంది. శ్రీకాకుళం జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు నిషేధం వచ్చిన తెర ఫొటో, బ్యాంకు ముద్ర వేసిన నకలు, పోలీసు నోటీసు మూడు వేర్వేరు కవర్లలో పట్టుకెళ్లండి. స్టేషన్‌కు వెళ్లే రోజు కంటే ముందు రోజే వెళ్తే వకీలు మీతో రాగలరో లేదో తేలుతుంది.