ఫ్యాక్టరీ షెడ్ పెంచాలి, ఆఫీసు కూడా కొత్తది కట్టాలి. ఏది ముందు? ప్రొడక్షన్ ఆపకుండా కుదురుతుందా?

షెడ్డే ముందు. ఆఫీసు వాళ్ళు ఇంకొన్నాళ్ళు పాత గదుల్లో సర్దుకుని కూర్చుంటే కంపెనీకి వచ్చే నష్టం లేదు. ఇక ప్రొడక్షన్ సంగతి. "ఒక్క గంట కూడా ఆగదు సార్" అనే కాంట్రాక్టర్‌ని నమ్మకండి. ఆగుతుంది. మీరు రోజు చూసుకుని ఆపుతారా, దానంతట అదే ఆగుతుందా అన్నదే తేడా.

నేను మెయింటెనెన్స్‌లో ఉండగా మా ఫ్యాక్టరీలో ఈ రెండు పనులూ కలిపే మొదలుపెట్టారు. పాత షెడ్డు పక్కనే ఆనించి కొత్త షెడ్డు, ముందువైపు రెండంతస్తుల ఆఫీసు. మీటింగులన్నీ ఆఫీసు గురించే. అద్దాలు నీలంవా బూడిదరంగువా, రిసెప్షన్ నేలకి ఏ రాయి, లిఫ్ట్ తలుపు ఎటు. బల్ల మీద పెట్టిన మోడల్‌లో ఆఫీసు ముందు బుల్లి బుల్లి చెట్లు కూడా ఉన్నాయి. షెడ్డు మాత్రం ఒక తెల్ల అట్టపెట్టె. పాత షెడ్డూ కొత్త షెడ్డూ కలిసే చోట ఒక గీత, అంతే. మీరు అడిగింది వేరే అయినా, నేను చెప్పాలనుకున్నది ఆ గీత గురించే.

పాత షెడ్డు చూరున ఒక గట్టర్ ఉండేది, ఒకవైపు కప్పు నీళ్ళకి సరిపడేంత. అది బయటి అంచున ఉన్నన్నాళ్ళు నిండి పొర్లినా నీళ్ళు బయట నేల మీద పడేవి, ఎవరికీ పట్టేది కాదు. పక్కన కొత్త షెడ్డు ఆనించేసరికి రెండు కప్పుల నీళ్ళూ దాంట్లోకే దిగాయి. పైగా ఇప్పుడు పొర్లితే పడేది లోపలే. రేకులు వేస్తుండగానే మా ఫిట్టర్ ఒకాయన, పాత మనిషి, సైట్ ఇంజినీర్‌ని అడిగాడు, "ఈ నీళ్ళన్నీ ఎటు పోతాయండీ?" అని. "డ్రాయింగ్‌లో ఉంది" అన్నాడు ఆయన. తీసి చూస్తే ఆర్కిటెక్ట్ షీట్‌లో "స్ట్రక్చరల్ డ్రాయింగ్ చూడండి" అని ఉంది. స్ట్రక్చరల్ షీట్‌లో "ఆర్కిటెక్ట్ డ్రాయింగ్ ప్రకారం" అని ఉంది.

మొదటి పెద్ద వాన నైట్ షిఫ్ట్‌లో పడింది. రేకుల తుక్కు, స్క్రూలు, వెల్డింగ్ రాడ్ ముక్కలు, ఎవరో వదిలేసిన ప్లాస్టిక్ కవర్, అన్నీ కొట్టుకొచ్చి గట్టర్ నీళ్ళు కిందికి దించే పైపు మూతికి అడ్డం పడ్డాయి. గట్టర్ నిండింది. నీళ్ళు అంచు దాటి పాత స్తంభం వెంట జారుతూ కేబుల్ ట్రే మీదికి, ట్రే పట్టుకుని కరెంటు ప్యానెల్ వైపుకి వచ్చాయి. చూసిన కుర్రాడు అరిచాడు, షిఫ్ట్ ఇన్‌చార్జ్ పరిగెత్తి మెయిన్ ఆపేశాడు. మెషీన్లు ఆగాక వాన చప్పుడు ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. టార్చ్‌లైట్లు పెట్టుకుని టార్పాలిన్లు కప్పాం. ఫిట్టర్ పైకెక్కి పైపు మూతి తీస్తానన్నాడు. తడి రేకుల మీద చీకట్లో వద్దని నేనే ఆపాను. ప్యానెల్ ఆరబెట్టి, మెగ్గర్‌తో (కరెంటు లీకవుతోందేమో చూసే మీటర్) చూసుకుంటూ ఒక్కో ఫీడర్ లైన్ ఆన్ చేసేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. అప్పుడు ఆఫీసు రిసెప్షన్‌లో రాయి పాలిష్ చేస్తున్నారు. దానికి కరెంటు జనరేటర్ నుంచి వెళ్తోంది!

తర్వాత గట్టర్ వెడల్పు చేశారు, నిండితే బయటికి పోయేలా చివర్లలో దారి పెట్టారు, పైపులు పెంచారు. రేకులు వేయకముందే చేసుంటే అదంతా చిన్న పని.

పేరున్న ఆర్కిటెక్ట్‌ని పెట్టుకుంటే ఇలాంటివి రావని కొందరు అంటారు. అమెరికాలో రసీన్ అనే ఊళ్ళో జాన్సన్ వ్యాక్స్ కంపెనీ ఆఫీసు ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టింది, 1939లో తెరిచారు. దాని స్తంభాలు 12 టన్నులు మోస్తాయా అని అధికారులకి అనుమానం వస్తే, పరీక్షలో 60 టన్నుల దాకా పేర్చి చూపించాడాయన. అలాంటి బిల్డింగ్‌లోనూ పైకప్పు గాజు గొట్టాల అతుకుల్లోంచి నీళ్ళు కారాయి. జర్మనీలో అల్ఫెల్డ్‌లోని ఫాగుస్ ఫ్యాక్టరీలోనూ పేరంతా పైకి కనపడేదానికే. 1911లో మొదలై 1925 దాకా పెంచుకుంటూ పోయారు. అందరూ ఆర్కిటెక్ట్ వాల్టర్ గ్రోపియస్ పెట్టిన అద్దాల మూలకే ఫొటోలు తీస్తారు. లోపల ఏ పని ఎక్కడ జరగాలో ప్లాన్ వేసిన ఎడ్వర్డ్ వెర్నర్ పేరు ఎంతమందికి తెలుసు?

కాబట్టి మీ ఆర్కిటెక్ట్‌ని ముందు అద్దాల గురించి అడక్కండి. పాతదీ కొత్తదీ కలిసే చోటుని అడ్డంగా కోస్తే ఎలా ఉంటుందో పెద్ద సైజులో గీసి ఇమ్మనండి: కప్పు, గోడ, నేల, పునాది నాలుగూ కనపడాలి. పాత పునాది కుంగాల్సినంత ఎప్పుడో కుంగింది, కొత్తది ఇంకా కుంగాలి. రెండిటినీ బిగించేస్తే పగుళ్ళు ఖాయం, మధ్యలో జాయింట్ వదలాల్సిందే. నేలలో ఆ జాయింట్ అంచులకి ఇనుప యాంగిల్ వేయకపోతే ఫోర్క్‌లిఫ్ట్ చక్రాలు కొద్దిరోజుల్లోనే కొరికేస్తాయి.

ఇంకో మాట, ఇది స్టీల్ షెడ్లకి. ఎప్పటికైనా పొడుగు పెంచే ఆలోచన ఉంటే చివరి ఫ్రేమ్‌ని (కప్పుని మోసే స్టీల్ చట్రం) కూడా మధ్య ఫ్రేముల్లాగే పూర్తి బరువుకి డిజైన్ చేయించండి. చివరిది సగం బే (రెండు ఫ్రేముల మధ్య భాగం) బరువే మోస్తుందని సాధారణంగా సన్నగా కట్టేస్తారు. రేపు దానికి ఇంకో బే తగిలించాలంటే దాన్ని బలపరచాలి, లేదా పీకేయాలి. ట్రాన్స్‌ఫార్మరూ టాయిలెట్లూ కూడా పెరగబోయే వైపు పెట్టొద్దు. టాయిలెట్లంటే గుర్తొచ్చింది, షెడ్డు దాదాపు రెట్టింపైనా షాప్ ఫ్లోర్ వాళ్ళ టాయిలెట్లు మాత్రం మాకు పాతవే మిగిలాయి. ఆఫీసులో అంతస్తుకో సెట్ వచ్చింది.

ఆఫీసు గురించి నా సలహా ఒక్కటే. ప్లానింగ్, క్వాలిటీ వాళ్ళు కూర్చునే చోటు నుంచి నేరుగా షాప్ ఫ్లోర్‌లోకి దిగే మెట్లు పెట్టించండి. మా దాంట్లో చప్పుడు, దుమ్ము వస్తాయని ఆ తలుపు తీసేశారు. కింద మెషీన్ ఆగితే, ప్లానింగ్ వాళ్ళు ఇప్పుడు ఫోన్ చేసి తెలుసుకుంటున్నారు.