అంగన్‌వాడీలో పిల్లలు తగ్గితే టీచర్ పోస్టు పోతుందా?

పిల్లలు తగ్గినంత మాత్రాన పోదు, ఎందుకంటే అంగన్‌వాడీని జనాభాను బట్టి మంజూరు చేస్తారు. మైదాన ప్రాంతంలో 400 నుంచి 800 మందికి ఒకటి. అందులో ఒక టీచర్, ఒక ఆయా. కోనసీమలో 1,500 జనాభా ఉన్న ఊరనుకోండి, లెక్క ప్రకారం రెండు రావాలి. ఒకదానిలో సగం మంది పిల్లలు అమలాపురం కాన్వెంట్ బస్సెక్కేసినా ఆ ఇద్దరి పోస్టులూ ఉంటాయి. తగ్గేది తిండి ఖర్చే. అది తలకింత చొప్పున వస్తుంది, ఢిల్లీ సగం, రాష్ట్రం సగం.

హాజరు పడిపోతే ‘ఇక మూసేస్తారు’ అని ఊళ్లో టెన్షన్ పడటానికి కారణం, దాన్ని చిన్నపిల్లల బడిగానే చూడటం. గర్భిణులు, బాలింతలు, మూడేళ్లలోపు పసిపిల్లలు కూడా (బడికి రాకపోయినా) దాని లెక్కలోని వాళ్లే. ఇక టీచర్‌కు అందేది గౌరవ వేతనం, సర్కారు బడి జీతం అనుకోవద్దు.