గ్లాసుతో కొలిచిన శనగలు

అక్కయ్యపాలెం,
విశాఖపట్నం.

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

బీచ్ రోడ్డులో పొద్దున్నే నడకకు వచ్చేవారికి ఉడికించిన శనగలు, పెసలు, బొబ్బర్లు డబ్బాల్లో పెట్టి అమ్మబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో మళ్ళీ ఒకరు పొయ్యిని నమ్ముకుంటున్నందుకు ఉప్పొంగిపోయాను. అయితే డబ్బాకు “ఒక కప్పు” వేసి, పైన గ్రాములు అచ్చు వేయిస్తావని విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

నానబెట్టడం, ఉడకబెట్టడం నీకు నేను చెప్పనక్కరలేదు.

నువ్వు పుట్టకముందు గాజువాక వైపు ఒక కర్మాగారానికి సాయంత్రం గుగ్గిళ్ళు పంపే పని ఒప్పుకున్నాను. రోజుకు 300 పొట్లాలు, ఒక్కొక్క దానిలో 200 గ్రాములు ఉండాలి. అన్ని పొట్లాలు తూచే ఓపిక లేక, ఒక స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి తూచాను. నీళ్ళు సరిగ్గా 200 గ్రాములు వచ్చేసరికి నా తెలివికి నేనే మురిసిపోయి, ఆ గ్లాసుతోనే శనగలు కొలిచి పోశాను. నాలుగో రోజున అక్కడి గుమాస్తా ఒక పొట్లం విప్పి త్రాసులో పోశాడు. 138 గ్రాములు. ఇంకొకటి విప్పాడు, 135. ఆ లెక్కన రోజుకు 18 కిలోలకు పైగా తక్కువ పోశానన్నమాట. బిల్లులో డబ్బు కోసుకున్నందుకు నేను బాధపడలేదు గానీ, పనివాళ్ళందరి ముందు “తూకం కొట్టాడు” అన్న మాట మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ రాత్రి మీ అత్త ఏమీ అనకుండా అదే గ్లాసును శనగలతో నింపి, అంచు దాకా నీళ్ళు పోసి చూపించింది. గ్లాసులో మూడోవంతుకు మించి నీళ్ళు పట్టాయి. నేను అమ్మింది ఆ సందుల్లోని గాలినే, అమ్మాయీ.

మా అమ్మ కాలంలో సోల, మానిక, కుంచం ఉండేవి, ఎవరూ మోసపోలేదు. ఎందుకంటే మానికతో తెచ్చుకున్న గింజను మానికతోనే తిరిగి ఇచ్చేవారు. చిక్కంతా మానికను త్రాసులోకి మార్చినప్పుడే వస్తుంది. నువ్వు చూసే వంటల వీడియోల్లోని అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. మన టీ కప్పు అందులో సగానికి కొంచెం ఎక్కువ ఉంటుందేమో. ఆ పెద్ద కప్పులో ఉడికిన కాబూలీ శనగలు దాదాపు 164 గ్రాములు, బొబ్బర్లు 170, రాజ్మా 177, పెసలు 200 దాకా తూగుతాయి. గింజ ఆకారాన్నీ మెత్తదనాన్నీ బట్టి సర్దుకొని కూర్చుంటుంది కాబట్టి, ఒకే కప్పు నాలుగు గింజలకు నాలుగు తూకాలు చెబుతుంది. ఇక పప్పు సంగతి ఎత్తకు. నీళ్ళు ఎన్ని పోస్తే అంత తూగుతుంది గనుక దానిని పచ్చి పప్పు లెక్కనే పంచుకోవాలి.

ఈ అంకెలను కూడా గుడ్డిగా నమ్మకు. నీ గరిటెతో, నీ గింజతో, నొక్కకుండా ఐదుసార్లు కొలిచి తూచి, సగటు తీసి గోడ మీద రాసుకో. చిల్లుల గిన్నెలో నీరు చుక్కలుగా పడడం ఆగాక, పోపూ కొబ్బరీ కలపకముందు తూచాలి; ఖాళీ డబ్బాను ముందు త్రాసు మీద పెట్టి సున్నా చేయడం మరిచావంటే ప్లాస్టిక్‌ను శనగల ధరకు అమ్మినట్టే. త్రాసుకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి.

డబ్బా మీద వేయించే మాంసకృత్తుల అంకె దగ్గర ఇంకా భయంగా ఉంది. 100 గ్రాముల ఎండు శనగల్లో 20 గ్రాముల దాకా ఉంటే, అంతే బరువున్న ఉడికిన శనగల్లో 9 గ్రాములే ఉంటాయి. ఆ తేడా గింజ తాగిన నీటి వల్లే. ఎండు గింజ అంకెను ఉడికిన డబ్బా మీద వేయించావో, నేనే వచ్చి ఆ కాగితాలు చింపేస్తాను. కోప్పడుతున్నాననుకోకు తల్లీ, “తూకం కొట్టింది” అన్న మాట నీ చెవిన పడకూడదనే నా తాపత్రయం.

ఆ గ్లాసు ఇంకా మా ఇంట్లోనే ఉంది. మీ అత్త దానితో తులసికి నీళ్ళు పోస్తోంది. ఆదివారం నీ కప్పు తీసుకుని రా, శనగలు నేను శనివారం రాత్రే నానబెట్టి ఉంచుతాను.

ఇట్లు,
మీ మావయ్య