స్వీడన్‌లో ఎక్స్ఛేంజ్ సెమిస్టర్ వచ్చింది. అక్కడి చలికాలం మనవాళ్లు తట్టుకోగలరా?

మీరు అడిగింది రెండు సంగతులు. స్వీడన్ ఉత్తరాన ఉన్న ఉమెయో యూనివర్సిటీకి ఎంపికయ్యారు, ఆటమ్ సెమిస్టర్ తీసుకోవాలా స్ప్రింగ్ తీసుకోవాలా అన్నది ఒకటి. చలి గురించి ఇంట్లోవాళ్లు భయపెడుతున్నారు, నిజంగా అంత కష్టమా అన్నది రెండోది. నేను అదే ఊళ్లో ఏడాదిపాటు ఎక్స్ఛేంజ్ స్టూడెంట్‌గా ఉన్నాను. మాది పల్నాడులో రెంటచింతల పక్క ఊరు. ఎండాకాలం వార్తల్లో తప్ప మా ప్రాంతం పేరు బయట ఎవరికీ వినపడదు. అక్కడివాణ్ణే తట్టుకున్నానంటే మీరూ తట్టుకుంటారు.

అసలు ఇబ్బంది చలితో కాదు, చీకటితో. అది మాత్రం ఎవరూ ముందు చెప్పరు.

డిసెంబర్ మూడో వారంలో ఉమెయోలో సూర్యుడు తొమ్మిదిన్నర ప్రాంతంలో వచ్చి, మధ్యాహ్నం రెండు కొట్టకముందే వెళ్లిపోతాడు. ఉన్న ఆ నాలుగున్నర గంటలైనా నెత్తి మీదకు రాడు, ఆకాశం అంచునే పాకి దిగిపోతాడు. దక్షిణాన లుండ్‌లో అయితే అప్పుడు కూడా ఏడు గంటల పగలు ఉంటుంది. ఇంకా ఉత్తరాన కిరునాలో మాత్రం డిసెంబర్‌లో కొన్ని వారాలు సూర్యోదయమే ఉండదు. కాబట్టి ‘స్వీడన్ చలికాలం ఎలా ఉంటుంది’ అంటే ఏ ఊరు అని అడగాల్సిందే.

చలికాలంలో వాళ్ల గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక. అంటే అక్కడ పొద్దుగూకేటప్పుడు మనకు సాయంత్రం ఆరుంపావు దాటుతుంది. మా అమ్మ సంధ్యదీపం పెట్టి ఫోన్ చేస్తే నా కిటికీ బయట కూడా మునిమాపే. ఆమెకు అది సాయంత్రం, నాకింకా మధ్యాహ్నం క్లాసు మిగిలే ఉండేది. ‘అన్నం తిన్నావా’ అంటే ఏ పూట అన్నమో ఇద్దరికీ అర్థమయ్యేది కాదు.

చీకటి మనకు తెలియకుండానే ఒంటి మీద పని చేస్తుంది. నిద్ర సరిపోదు, లేవబుద్ధి కాదు, తీపి మీదకు మనసు పోతుంది, చిన్న విషయానికీ టెన్షన్ వస్తుంది. ఇంటి మీద బెంగ అనుకుంటాం కానీ అందులో సగం, వెలుతురు లేకపోవడం వల్లే. స్వీడన్ వాళ్లకే ఇది ఉంటుంది. 2012లో అక్కడి కరెంటు సంస్థ ఉమెయో ఎనర్జీ ఊళ్లోని బస్ స్టాపుల్లో లైట్ థెరపీ దీపాలు పెట్టింది, బస్సు కోసం నిలబడ్డంతసేపైనా జనానికి కాస్త వెలుగు తగలాలని. నాకు పనికొచ్చింది ఒకటే: పదకొండు, ఒంటి గంట మధ్య ఎంత మబ్బుగా ఉన్నా బయటికి వెళ్లి నడవడం. లైబ్రరీలో కిటికీ పక్కన కూర్చుంటే సరిపోదు. విటమిన్ డి గురించి వెళ్లేముందే డాక్టర్ని అడగండి, మన ఒంటి రంగువాళ్లకు అది ఇంకా అవసరం.

అన్నిటికంటే పాడు నెల నవంబర్. ఆకులు రాలిపోయి ఉంటాయి, మంచు ఇంకా నిలవదు, వాన, బురద, చీకటి. మంచు పడి నిలిచాక వీధి దీపాల వెలుగు దాని మీద పడి ఊరంతా తేటపడుతుంది. డిసెంబర్ వచ్చేసరికి కిటికీ కిటికీకీ కాగితపు నక్షత్రం వెలుగుతుంది, 13న లూసియా రోజు తెల్లని బట్టల్లో కొవ్వొత్తులు పట్టుకుని పాడుకుంటూ వస్తారు, కుంకుమపువ్వు వేసిన బన్నులు పెడతారు. నాకు నచ్చిన పండగ అదే. క్రిస్మస్‌కి మాత్రం స్వీడన్ స్నేహితులంతా ఊళ్లకు వెళ్లిపోతారు, హాస్టల్ కారిడార్ ఖాళీ అవుతుంది. మిగిలిన విదేశీ విద్యార్థులు నలుగురూ కలిసి వంట చేసుకునేలా ముందే అనుకోండి.

ఇక చలి. జనవరిలో మైనస్ ఇరవై చూస్తారు. ఊపిరి పీలిస్తే ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టినట్టు తెలుస్తుంది, ఫోన్ బ్యాటరీ ఉన్నట్టుండి చచ్చిపోతుంది, తలస్నానం చేసి తడి జుట్టుతో బయటికి వెళ్తే అది బిరుసెక్కుతుంది. కానీ గదుల్లో ఇరవై డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది, టీషర్టుతోనే చదువుకుంటారు. హైదరాబాద్‌లో డబ్బులు పోసి లావుపాటి జాకెట్ కొనకండి. లోపల ఉన్ని బనియను, ఉన్ని సాక్సు ముఖ్యం. కాటన్ చెమట పీల్చి తడిసి ఒంటికి చల్లగా అంటుకుంటుంది. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకుంటే రెండు సాక్సులు పడతాయి. కోటు అక్కడి రెడ్‌క్రాస్ సెకండ్‌హ్యాండ్ దుకాణంలోనో, తిరిగి వెళ్లిపోయే విద్యార్థుల దగ్గరో చవకగా దొరుకుతుంది. చీకట్లో కార్లవాళ్లకు కనపడేలా కోటుకు రిఫ్లెక్టర్ తగిలించుకోండి. జారిపడకుండా బూట్ల కింద తొడుక్కునే ముళ్ల పట్టీలు కూడా అమ్ముతారు. అవి ముసలివాళ్లకే అనుకునేరు, మంచు కరిగి మళ్లీ గడ్డకట్టిన రోజు కుర్రాళ్లే ఎక్కువ పడతారు.

ఇదంతా చూసి నేనైతే స్ప్రింగ్ తీసుకోమంటాను. పేరుకు వసంతం కానీ అది జనవరి మధ్యలో నడిచలిలో మొదలవుతుంది. దిగీదిగగానే మైనస్‌లు చూసి బెదిరిపోకండి. ఫిబ్రవరికల్లా పగలు రోజుకు సుమారు ఆరు నిమిషాల చొప్పున పెరుగుతుంది, మంచు మీద ఎండ పడి కళ్లద్దాలు పెట్టుకోవాల్సి వస్తుంది. సెమిస్టర్ ముగిసే జూన్ మొదట్లో రాత్రి పది దాటినా ఎండ ఉంటుంది. ఆటమ్‌లో ఇదంతా తలకిందులు: ఆగస్టు చివర దిగి, సెప్టెంబర్‌లో అడవిలో లింగన్ పళ్లు ఏరుకుని, ఆ హుషారు తగ్గేసరికి నవంబర్ ఎదురొస్తుంది. వెలుగు పెరుగుతున్నప్పుడు తిరిగి వచ్చేసే సెమిస్టర్ అది. పైగా మన కాలేజీల్లో ఫైనల్ ఇయర్ ప్లేస్‌మెంట్లు చాలావరకు ఆగస్టు, సెప్టెంబర్‌లలోనే మొదలవుతాయి, అదీ చూసుకోండి. క్రిస్మస్, లూసియా చూడాలనే కోరిక గట్టిగా ఉంటే మాత్రం ఆటమ్‌కే వెళ్లండి, తప్పులేదు.

తిండికి ఇబ్బంది లేదు. బియ్యం, కందిపప్పు ఏషియన్ షాపుల్లో దొరుకుతాయి. టర్కిష్ యోగర్ట్ అని పది శాతం వెన్న ఉన్నది అమ్ముతారు, పెరుగన్నానికి అదే సరి. కారిడార్ వంటగదిలో ఎండుమిర్చి పోపు పెట్టేముందు ఫ్యాన్ వేసి తలుపు మూయండి, పొగకు అలారం మోగితే బిల్డింగంతా మైనస్‌లో బయట నిలబడాలి. పొడులు, ఆవకాయ తీసుకెళ్లండి. నెయ్యి, పాలకోవా మాత్రం సర్దకండి, యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు తేకూడదు. ఉప్పు లేని వెన్న అక్కడే కొని కాచుకోవచ్చు.