విడాకుల కాగితాలు చేతికొస్తే సొరుగులో పెట్టకండి

కిందటి వేసవిలో ఒక అమ్మాయి మా ఇంటికొచ్చి, హ్యాండ్‌బ్యాగులోంచి కవరు తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. లోపలి కాగితాలు నాలుగు మడతలు పడి అంచులు నలిగిపోయి ఉన్నాయి. ఎవరో తెలియని మనిషి తలుపు కొట్టి చేతికిచ్చి వెళ్లాడట, సంతకం కూడా అడగలేదట. "సంతకం పెట్టలేదు కాబట్టి నేను తీసుకున్నట్టు కాదు కదా అక్కా?" అంది. అప్పటికి 22 రోజులైంది. ఇండియాలో నాన్నగారు అత్తగారి వాళ్లతో మాట్లాడుతున్నారు, పెద్దవాళ్లు కూర్చుంటే సర్దుకుంటుందని ఆగింది.

సంతకం ఉన్నా లేకపోయినా చేతికి అందితే అందినట్టే. మేముండే కాలిఫోర్నియాలో అయితే ఆ రోజు నుంచి 30 రోజుల్లో కోర్టులో జవాబు వేయాలి. వేయకపోతే అవతలివాళ్లు డిఫాల్ట్ అడగొచ్చు, అంటే మన మాట వినకుండానే ఇల్లు, డబ్బు, పిల్లల సంగతి తేలిపోవచ్చు. పెద్దవాళ్ల మాటలు ఒకపక్క నడవనివ్వండి, ఎవరూ వద్దనరు. కానీ కోర్టు గడువు వాళ్ల కోసం ఆగదు. నేను లాయర్ని కాను, ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఉంటూ ఇలాంటి ఫోన్లు ఎత్తుతున్నదాన్ని. మీ రాష్ట్రంలో గడువు వేరుగా ఉండొచ్చు కాబట్టి, కాగితాలు వచ్చిన రోజే తేదీ రాసిపెట్టుకుని ఫ్యామిలీ లాయర్‌తో మాట్లాడండి.

అందరూ అడిగే మొదటి ప్రశ్న, పెళ్లి ఇండియాలో అయింది కదా, ఇక్కడి కోర్టు విడాకులు ఎలా ఇస్తుందని. ఇస్తుంది. ఇక్కడ చూసేది పెళ్లి ఎక్కడైందని కాదు, ఎవరు ఎంతకాలంగా ఇక్కడ ఉంటున్నారని. కాలిఫోర్నియాలో ఇద్దరిలో ఒకరు రాష్ట్రంలో 6 నెలలు, కౌంటీలో 3 నెలలు ఉంటే చాలు, టెక్సస్‌లో రాష్ట్రంలో 6 నెలలు, కౌంటీలో 90 రోజులు. తప్పెవరిదో నిరూపించక్కర్లేదు, కలిసి ఉండలేమని ఒకరు చెబితే సరిపోతుంది. "నేను ఒప్పుకోను, విడాకులెలా వస్తాయో చూస్తా" అని కూర్చుంటే మీ వాదన చెప్పుకునే అవకాశమే పోతుంది.

అయితే ఇక్కడ వచ్చిన డిక్రీ ఇండియాలో చెల్లుతుందా అనేది ఇంకో ప్రశ్న, అసలు చిక్కంతా అక్కడే ఉంది. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక తెలుగు జంట కేసులో, భర్త అమెరికాలోని మిస్సోరీ కోర్టు నుంచి తెచ్చుకున్న విడాకులు చెల్లవని ఇండియా సుప్రీంకోర్టు 1991లో తీర్పిచ్చింది. హిందూ వివాహ చట్టం కింద పెళ్లయినవాళ్లకు ఆ చట్టంలో ఉన్న కారణం మీద విడాకులు రావాలి, అవతలివాళ్లు తమంతట తాము హాజరై కేసు నడిపి ఉండాలి, లేదా ఒప్పుకుని ఉండాలి. "మనసులు కలవలేదు" అనేది ఆ చట్టంలో కారణమే కాదు. కాబట్టి ఒకరు హాజరు కాకుండా ఏకపక్షంగా వచ్చిన డిక్రీ పట్టుకుని ఇండియా వెళ్లి రెండో పెళ్లి చేసుకుంటే రెండు పెళ్లిళ్ల నేరం కింద కేసు నెత్తిన పడొచ్చు. ఇద్దరూ ఒప్పుకుని, ఇద్దరూ పాల్గొని తీసుకున్నదానికి ఈ ఇబ్బంది చాలావరకు ఉండదు. ఇక్కడ జవాబు ఎలా వేస్తారు అన్నదాన్ని బట్టి అక్కడ మీ హక్కు మారుతుంది కాబట్టి, వేసేముందే ఇండియా లాయర్‌తో కూడా ఒక గంట మాట్లాడండి. ఆ ఖర్చుకు వెనకాడకండి.

ఇద్దరికీ ఇష్టమైతే ఇండియాలోనే హిందూ వివాహ చట్టం సెక్షన్ 13-బి కింద పరస్పర అంగీకారంతో వేసుకోవచ్చు. ఏడాది పాటు విడిగా ఉండి ఉండాలి, పిటిషన్ వేశాక మామూలుగా ఇంకో 6 నెలలు ఆగాలి, కానీ ఆ 6 నెలల్ని కోర్టు తగిన కేసుల్లో మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. వీడియో ద్వారా హాజరయ్యే వీలు గురించీ అదే తీర్పులో ఉంది, అనుమతి మాత్రం ఆ కోర్టు చేతిలో ఉంటుంది.

వీసా సంగతికొస్తే, హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవారి భార్యగానో భర్తగానో వచ్చిన వీసా మీద ఉన్నవాళ్లకు రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వనిది ఇదే. కేసు వేసిన రోజున మీ హెచ్-4 పోదు, విడాకులు ఖరారయ్యాక పోతుంది. కాలిఫోర్నియాలో కాగితాలు అందిన రోజు నుంచి కనీసం 6 నెలలు గడవందే విడాకులు ఖరారు కావు. ఆ 6 నెలలూ ఏడుస్తూ గడపకండి తల్లీ. చదువుకి సీటో, సొంత హెచ్-1బీ దారో, ఏదో ఒకటి ఆ లోపల పట్టుకుని స్టేటస్ మార్పు దరఖాస్తు పెట్టుకోవాలి. రెండేళ్ల షరతు గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లు ఆ షరతు తీసేయమని పెట్టే ఐ-751 దరఖాస్తుని విడాకుల తర్వాత ఒంటరిగానే, మినహాయింపు కోరుతూ వేసుకోవచ్చు, పెళ్లి నిజమైనదేనని ఆధారాలు చూపించాలి. "నీ వీసా రద్దు చేయించి పంపించేస్తా" అని బెదిరించేవాళ్లకు లొంగి సంతకాలు పెట్టొద్దు. చేయి చేసుకుంటుంటే మాత్రం ఇవేవీ ఆలోచించకుండా ముందు 911కి ఫోన్ చేయండి, మాట్లాడే తోడు కావాలంటే గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233. రక్షణ ఉత్తర్వు ఇవ్వడానికి కోర్టు మీ వీసా అడగదు.

ఇండియా నుంచి వచ్చే సలహాల్లో నన్ను బాగా భయపెట్టేది "బాబుని తీసుకుని టికెట్ కొనుక్కుని వచ్చెయ్" అనేది. అమ్మానాన్నలు ప్రేమతోనే అంటారు. కానీ కాలిఫోర్నియాలో సమన్ల వెనకే రాసి ఉంటుంది, రెండోవారి రాతపూర్వక అనుమతో కోర్టు ఉత్తర్వో లేకుండా పిల్లల్ని రాష్ట్రం దాటించకూడదని. అదే పేజీలో ఆస్తులు అమ్మొద్దు, ఇన్సూరెన్స్ తీసేయొద్దు అని కూడా ఉంటుంది. ఎవరూ ఆ పేజీ తిప్పి చూడరు. ఒక దేశం నుంచి ఎత్తుకెళ్లిన పిల్లల్ని వెనక్కి పంపించే 1980 హేగ్ ఒప్పందంలో ఇండియా లేదు కదా అని ధైర్యం చేస్తే, ఇక్కడి కోర్టు పిల్లాడి బాధ్యత అవతలివాళ్లకు ఇచ్చేయొచ్చు, ఫెడరల్ నేరం కూడా కావచ్చు. అవతలివాళ్లే తీసుకెళ్లిపోతారని మీకు భయముంటే, అమెరికా పౌరసత్వమున్న పిల్లల పేరు విదేశాంగ శాఖ పాస్‌పోర్ట్ అలర్ట్ కార్యక్రమంలో నమోదు చేయండి, ఎవరైనా పాస్‌పోర్ట్‌కి అడిగితే మీకు కబురొస్తుంది.

డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను. కాలిఫోర్నియా, టెక్సస్, వాషింగ్టన్‌లలో కాపురంలో సంపాదించినది, ఎవరి పేరున ఉన్నా, మామూలుగా ఇద్దరిదీ. అప్పులు కూడా. ఉద్యోగంలో దాచుకునే రిటైర్మెంట్ ఖాతా 401కె కూడా పంపకంలోకి వస్తుంది, దానికి విడిగా కోర్టు ఉత్తర్వు రాయించాలి, అది మరిచిపోయి తర్వాత ఇబ్బంది పడేవాళ్లున్నారు. పుట్టింటివాళ్లు పెట్టిన నగలు స్త్రీధనం, ఆమెవే. లాకరు అత్తగారి పేరున ఉంటే, ఎప్పుడు ఏమేం పెట్టారో ఇప్పుడే రాసి, పెళ్లి ఫొటోలతో కలిపి దాచుకోండి.

ఆ అమ్మాయి విషయానికొస్తే, మర్నాడే కోర్టు సెల్ఫ్ హెల్ప్ సెంటరుకి వెళ్లాం. ఆదాయం లేదు కాబట్టి ఫీజు మాఫీ ఫారం పెట్టింది, లేకపోతే 435 డాలర్లో, ఇంకొంచెం ఎక్కువో కట్టాలి. జవాబు 27వ రోజున దాఖలైంది, విడాకులు ఖరారయ్యేలోపే ఎఫ్-1 విద్యార్థి వీసాకి దరఖాస్తు కూడా వెళ్లింది. డిక్రీ చేతికొచ్చాక సర్టిఫైడ్ కాపీలు మూడు తీయించి, ఒకదానికి రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయంలో అపోస్టిల్, అంటే వేరే దేశంలో చూపించడానికి వేసే ధ్రువీకరణ, వేయించి వాళ్ల నాన్నగారికి పంపింది, ఇండియాలో ఎప్పుడు ఎవరడిగినా చూపించడానికి.